పల్నాటి వెలుగులో యాభై ఎం.ఎం.

నాగార్జునకొండకు వెళ్లాలంటే విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కాలి. దిగేది కొండ నెత్తిన. ఇక్ష్వాకుల విజయపురి, దాని విహారాలు, మండపాలు, కోనేళ్లు ఉన్న లోయంతా ఆ లాంచీ అడుగునే, సాగర్ నీళ్ల కింద ఉంది. కొన్ని కట్టడాలను విప్పి కొండ మీదికీ, ఇటు అనుపుకూ తరలించి మళ్లీ నిలబెట్టారు. మిగతా లోయ ఎలా ఉండేదో చూడాలంటే పాత ఫొటోలే దిక్కు.

అక్కడ శిథిలాలున్నాయని మద్రాసు ప్రభుత్వానికి తెలియజేసింది స్థానిక ఉపాధ్యాయుడు సూరపరాజు వెంకటరామయ్య. 1926లో శాసన శాఖ నుంచి రంగస్వామి సరస్వతి వచ్చి చూశాడు. 1927 నుంచి 1931 దాకా పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వించాడు. ఆయన నివేదిక 1938లో ఫొటో పలకలతో సహా అచ్చయింది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేసే నాటికే పురావస్తు శాఖకు చెందిన ఆర్.సుబ్రహ్మణ్యం బృందం లోయలో పని మొదలుపెట్టింది. 1954 నుంచి 1960 వరకు, నీళ్లు రాకముందే లోయనంతా తవ్వి, కొలిచి, ఫొటోలు తీసి పెట్టుకోవాలన్నది వాళ్ల తొందర. ఆ తొందరలో తీసినవే అయినా ఆ బొమ్మల్లో ఆర్భాటం కనిపించదు. స్తంభం స్తంభంలా, మెట్టు మెట్టులా ఉంటుంది. పక్కనే కొలతకర్ర. దూరంగా ఉన్నది దూరంగానే, దగ్గరగా ఉన్నది దగ్గరగానే. మనిషి అక్కడ నిలబడి చూస్తే ఎలా ఉంటుందో అలాగే.

ఈ బొమ్మలు నాకు గుర్తుకు రావడానికి కారణం ఈమధ్య పిల్లలు అడుగుతున్న ఒక ప్రశ్న. ఫోన్లో వేలకొద్దీ ఫొటోలు తీసి విసిగినవాళ్లు, రీలు కెమెరా ఒకటి కొందామని బయలుదేరుతున్నారు. నరసరావుపేటలో కాలేజీ చదివే కుర్రాడి నుంచి హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ పండక్కి మాచర్ల వచ్చే అమ్మాయి దాకా అందరిదీ ఒకటే మాట: "బాబాయ్, బాడీ ఏదో దొరికింది. దానికి ఏ లెన్సు కొనమంటారు? వన్ పాయింట్ ఫోర్ అయితేనే బాగుంటుందంటున్నారు, నిజమేనా?"

నిజం కాదు. ఎందుకు కాదో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

పల్నాడు రాయి కెమెరా ముందుకు వచ్చి ఎన్నో ఏళ్లయింది. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన పల్నాడు జిల్లాలోనే ఇప్పుడు అమరావతి పట్టణం ఉంది. అక్కడి స్తూపానికి వాడింది పల్నాటి సున్నపురాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు చేర్చిన శిల్పాలు మ్యూజియం దగ్గర ఎండకూ వానకూ పడి ఉన్నాయి. లండన్‌కు ఓడెక్కకముందు 1858లో, మద్రాసు ప్రభుత్వ ఫొటోగ్రాఫర్ లినేయస్ ట్రైప్ వాటిని ఒక్కొక్కటిగా ఫొటో తీశాడు. ఫొటోగ్రఫీ అన్నది లోకానికి తెలిసి అప్పటికి 20 ఏళ్లు కూడా నిండలేదు. ఆ కెమెరాలు పెట్టెలంత ఉండేవి. నెగెటివ్ ఎంత సైజుంటే బొమ్మ అంతే, ఎన్‌లార్జ్ చేయడం అప్పటికింకా రివాజు కాలేదు.

ఆ పెద్ద పెట్టెల కాలంలోనే ఫొటోగ్రాఫర్లు ఒక లెక్క పట్టుకున్నారు. పలక మూల నుంచి మూలకు ఎంత పొడవుంటుందో, ఇంచుమించు అంతే ఫోకల్ లెంగ్త్ ఉన్న లెన్సు పెడితే బొమ్మ చూడ్డానికి సహజంగా ఉంటుంది. ఆరున్నర అంగుళాలు ఎనిమిదిన్నర అంగుళాలు ఉండే ఫుల్ ప్లేటుకు మూల నుంచి మూల దాదాపు పదిన్నర అంగుళాలు, లెన్సూ అంతే. పెళ్లిళ్లలో మన స్టూడియోల వాళ్లు మెడలో వేసుకుని, తల వంచి పైనుంచి చూస్తూ తీసిన రెండు కళ్ల కెమెరా గుర్తుందా? యాషికా మ్యాట్ 124జి అయినా, అంతకుముందున్నవైనా, రీలు మీద పడేది ఆరు సెంటీమీటర్ల చదరం. మూల నుంచి మూల 80 ఎం.ఎం.కు అటూ ఇటూ. లెన్సు కూడా 80 ఎం.ఎం. మన తాతల పెళ్లి ఫొటోలు, వరసగా నిలబడ్డ బంధువులు, పందిట్లో అరటి గెలలు, అన్నీ ఆ ఒక్క చూపులోంచే వచ్చాయి. అప్పుడు దాన్ని స్టాండర్డ్ లెన్సని ఎవరూ పట్టించుకుని పిలవలేదు. ఆ కెమెరాకు ఉన్నది అదొక్కటే.

35 ఎం.ఎం. రీలుకు అదే లెక్క వేస్తే 43 ఎం.ఎం. రావాలి. ఒక పక్క 24, ఇంకో పక్క 36. మరి 50 ఎలా వచ్చింది? జర్మనీలో లైట్స్ కంపెనీ మెకానిక్ ఆస్కార్ బార్నాక్ సినిమా రీలును అడ్డంగా తిప్పి, రెండు సినిమా ఫ్రేములు కలిపి ఒక ఫొటోగా వాడుకున్నాడు. మాక్స్ బెరెక్ దానికి 50 ఎం.ఎం. లెన్సు గీశాడు. 43 కంటే కాస్త పొడుగైతే అంచుల్లో బొమ్మ చెడదు, చిన్న ఫ్రేములోంచి పెద్ద ప్రింటు తీసినా నిలబడుతుంది. 1925 వసంతంలో లైప్‌జిగ్ సంతలో లైకా అమ్మకానికి వచ్చింది. ఆ తర్వాత వచ్చిన కంపెనీలన్నీ ఆ అంకెనే పట్టుకున్నాయి. ఒక ఫ్యాక్టరీ సౌకర్యం కోసం చేసుకున్న సర్దుబాటు వందేళ్లుగా చట్టంలా నడుస్తోంది. హెన్రీ కార్తియే బ్రెసాన్ 1932లో లైకా కొనుక్కుని జీవితమంతా ఎక్కువగా ఆ 50తోనే తీశాడు. 1948 జనవరి 30న గాంధీని కలిసి, కొద్దిసేపటికే ఆయన హత్య జరిగాక దిల్లీ దుఃఖాన్ని తీసింది కూడా ఆయనే.

ఇక చౌక సంగతి. మంచి స్టాండర్డ్ లెన్సు ఇంత చౌకగా ఎందుకు దొరుకుతుందన్నది నాకు చాలాకాలం వింతగానే ఉండేది. వైడు లెన్సుకూ, పొడుగు లెన్సుకూ వేలు పోయాల్సి వస్తుంటే, యాభై మాత్రం చేతికందే ధరలో ఉంటుంది. నాసిరకం గనక చౌక అనుకుంటారు చాలామంది. అసలు కథ తిరగేసి ఉంది.

1896లో జెనాలోని జైస్ కంపెనీలో పాల్ రుడాల్ఫ్ ప్లానార్ అనే లెన్సు చేశాడు. మధ్యలో వెలుతురు వచ్చే రంధ్రం, అంటే ఎపర్చరు, అటు మూడు గాజులు, ఇటు మూడు గాజులు, ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలా. ఇటువైపు గాజు చేసే తప్పును అటువైపు గాజు సరిదిద్దుతుంది. కాగితం మీద అద్భుతం. చేతిలోకి వచ్చేసరికి ఒక చిక్కు. గాలికీ గాజుకీ మధ్య ఎనిమిది ముఖాలు. పూత లేని గాజు ముఖం ఒక్కోటి దాదాపు 5 శాతం వెలుతురును వెనక్కి తిప్పికొడుతుంది. ఎనిమిది దాటేసరికి మూడో వంతు వెలుతురు పోతుంది. పోయినా బాధ లేదు, కానీ అది లోపలే అటూ ఇటూ తిరిగి బొమ్మ మీద పొగలా పరుచుకుంటుంది. అందుకే రుడాల్ఫే 1902లో నాలుగు గాజులతో, ఆరు ముఖాలతో టెస్సార్ చేశాడు. అది తక్కువ వెలుతురు పట్టినా బొమ్మ శుభ్రంగా ఉండేది. అర్ధ శతాబ్దం పాటు లోకమంతా టెస్సార్ పద్ధతి మీదే నడిచింది. యాషికా మ్యాట్‌లో ఉన్నదీ ఆ పద్ధతి లెన్సే.

1935లో జైస్‌లోనే అలెగ్జాండర్ స్మకుల గాజు మీద పల్చటి పూత వేసే విద్య కనిపెట్టాడు. లెన్సును వాలుగా పట్టుకుంటే నీలంగానో ఊదాగానో మెరుస్తుందే, అదీ ఆ పూత. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అది మామూలు లెన్సులకూ వచ్చింది. దాంతో మూలన పడ్డ ప్లానార్ పద్ధతికి ప్రాణం లేచొచ్చింది. అప్పటినుంచి 1980ల దాకా జపాన్, జర్మనీ, రష్యాల్లో తయారైన యాభైల్లో ఎక్కువ భాగం దాని పిల్లలూ మనవలే. లెన్సులోంచే చూసి తీసే ప్రతి ఎస్ఎల్ఆర్ కెమెరాతో పాటు డబ్బాలో ఒకటి పెట్టి అమ్మారు గనక లక్షల్లో చేశారు. లక్షల్లో చేశారు గనక ఖరీదు తగ్గింది. అందరూ పోటీ పడి దిద్దింది కూడా దాన్నే, ఎందుకంటే పత్రికల వాళ్లు కెమెరాను పరీక్షించేది దాంతోనే. ఇంతమంది ఇన్నేళ్లు బుర్ర పెట్టి పనిచేసిన వస్తువులు తక్కువ. చౌకగా ఉన్నది అందుకే బాగుంది.

ఇందులో ఒక గమ్మత్తు చెప్పాలి. 1960ల్లో పెంటాక్స్ వాళ్లు 55 ఎం.ఎం. లెన్సును ఎఫ్/1.8గా ఒకటి, ఎఫ్/2గా ఒకటి అమ్మేవారు. ఎఫ్/2 చౌక కెమెరాతో వచ్చేది. లోపల గాజులు రెంటికీ ఒకటే. చౌకదాంట్లో ఒక రింగు అడ్డం పెట్టి వెలుతురు కొద్దిగా తగ్గించారు. ధరల మెట్లు నిలబెట్టడానికి వ్యాపారులు చేసే పనులు అప్పుడూ ఇప్పుడూ ఒకలాగే ఉన్నాయి.

మన దేశంలో వీటి కథ వేరు. దిగుమతి లైసెన్సుల కాలంలో మంచి కెమెరా అంటే గల్ఫ్ వెళ్లిన బావగారో, మద్రాసు బర్మా బజారో. సామాన్యుడికి అందింది ఇక్కడే తయారైన ఆగ్ఫా క్లిక్-3. దాంట్లో ఉన్నది ఒక్క గాజు. 120 రీలుకు పన్నెండు ఫొటోలు. ఎండలో తియ్యాలి, వెలుతురు వెనక ఉండాలి, కదలకూడదు. అందుకే అప్పటి కుటుంబాల ఆల్బముల్లో అందరూ ఎండకు కళ్లు చిట్లించి కనిపిస్తారు. ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ 1967లో ఉత్పత్తి మొదలుపెట్టాక ఇందు పేరుతో మన రీలే దొరికింది.

రూపాయల్లో సోవియట్ యూనియన్‌తో వ్యాపారం నడిచిన రోజులవి. విశాలాంధ్ర బుక్‌హౌసుల్లో గోర్కీ, టాల్‌స్టాయ్ అట్ట పుస్తకాలు కారుచౌకగా దొరికాయి. అదే దారిలో జెనిత్ కెమెరాలూ వచ్చాయి. 1965లో మొదలైన జెనిత్-ఇ చేతిలో పట్టుకుంటే ఇనుప ముద్దలా ఉంటుంది. దానికి బిగించి వచ్చేది హీలియోస్ 44-2. మాస్కో పక్కన క్రాస్నగోర్స్క్ ఫ్యాక్టరీలో చేసేవారు. 58 ఎం.ఎం., ఎఫ్/2. యుద్ధం ముగిశాక జర్మనీ నుంచి రష్యన్ల చేతికి వచ్చిన జైస్ బయోటార్ నమూనాకు అది నకలు. లోపల అద్దం పైకి లేవడానికి చోటు కావాలి గనక ఆ కాలపు ఎస్ఎల్ఆర్ లెన్సులు 50 కాకుండా 55, 58 ఉండేవి.

హీలియోస్‌తో ఒక్క ఫొటో తియ్యడం ఎలాగో చూడండి. లెన్సు మీద ఎపర్చరుకు రెండు రింగులు. ముందు ఒక రింగును ఎఫ్/8 దగ్గర పెట్టాలి, అది అడ్డు గట్టు. రెండోదాన్ని పూర్తిగా తెరిచి, వెలుతురు బాగా ఉన్నప్పుడు ఎదురుగా ఉన్న మేక కంటి మీద ఫోకసు చెయ్యాలి. తర్వాత కన్ను తీయకుండా వేళ్లతో ఆ రెండో రింగును గట్టుకు తగిలేదాకా తిప్పాలి. వ్యూఫైండరు చీకటవుతుంది. అప్పుడు మీట నొక్కాలి. ఇంతలో మేక పక్కకు వెళ్లిపోతుంది. ఈ లెన్సునే ఇవాళ్టి పిల్లలు వెనక ఆకులు సుడి తిరిగినట్టు కనిపిస్తాయని వెతికి మరీ కొంటున్నారు. ఆ సుడి లెన్సు లోపమే, ఎపర్చరు పూర్తిగా తెరిచినప్పుడు మూలల్లో వస్తుంది. నచ్చితే అభ్యంతరం లేదు, కానీ దాని కోసమే అయితే ఎక్కువ డబ్బు పెట్టొద్దు.

ఇప్పుడు ఎఫ్/1.4 సంగతి. అంకె చిన్నదయ్యేకొద్దీ లెన్సు నోరు పెద్దదవుతుంది. 50ని 1.8తో భాగిస్తే 28 ఎం.ఎం. వెడల్పు. 1.4తో భాగిస్తే 36కు కొంచెం తక్కువ. వైశాల్యం చూస్తే 1.4 లోపలికి వచ్చే వెలుతురు 1.8 కంటే ఒకటిన్నర రెట్ల పైచిలుకు. రెట్టింపు కూడా కాదు. ధర మాత్రం రెట్టింపు దాటుతుంది. బరువు కూడా. ఆ తేడా మనకు ఎప్పుడు పనికొస్తుందో చూద్దాం.

పల్నాడులో వెలుతురుకు కరువు లేదు. ఫిబ్రవరి నుంచి కల్లాల్లో మిరపకాయలు ఎండబెట్టే రోజులు, పిడుగురాళ్ల దగ్గర సున్నం బట్టీల తెలుపు, దాచేపల్లి, మాచర్ల దారిలో నాపరాయి పలకలు. ఎండ నేల మీద పడి తిరిగి మొహం మీదికి కొడుతుంది. ఇలాంటి ఎండలో ఐఎస్ఓ 100 రీలుకు లెక్క ఎఫ్/16, షట్టరు 125, అంటే సెకనులో 125వ వంతు. వెలుతురు కొలిచే మీటరు పనిచేయకపోయినా ఈ ఒక్క లెక్కతో రీలు గట్టెక్కుతుంది. కాస్త సడలించి ఎఫ్/11, 250 పెట్టుకున్నా అంతే. ఎఫ్/8, ఎఫ్/11 దగ్గర యాభై లెన్సుల మధ్య తేడా పట్టుకోవడం చాలా కష్టం. ఎఫ్/2 అయినా, 1.8 అయినా, 1.4 అయినా ఒకటే బొమ్మ. గురజాల పొలాల్లో పట్టపగలు తిరిగేవాడు 1.4 కొంటే, ఆ అదనపు గాజును భుజాన మోయడమే మిగులుతుంది.

మరి రాత్రి? పల్నాడులో రాత్రిపూట ఫొటో తియ్యాలనిపించేవి రెండు. కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు కారెంపూడిలో జరిగే వీరుల ఉత్సవాలు ఒకటి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు, వరసగా. రెండోది శివరాత్రికి కోటప్పకొండ తిరనాళ్ల. రంగురంగుల దీపాలు కట్టిన ప్రభలు ఊళ్ల నుంచి బండ్ల మీద కదిలొస్తాయి. ప్రభ మీద లైట్ల వెలుగు బాగా పడే చోట ఐఎస్ఓ 400 రీలుతో సుమారుగా ఎఫ్/2, షట్టరు 125 చాలు. కెమెరా ఊగకుండా చేత్తో పట్టుకుని తీయగలిగే వేగం అది. అదే టెస్సార్ తరహా ఎఫ్/3.5 లెన్సయితే షట్టరు 40 దగ్గరికి దిగుతుంది, జనం తోపులాటలో బొమ్మ చెదురుతుంది. ఒకప్పుడు కొత్త బాడీలతో అంటగట్టిన 35–70 జూముది ఇంకా కష్టం, పొడుగు చివర దాని ఎపర్చరు 4.8కి పడిపోతుంది. అంటే రాత్రికి ఎఫ్/2 దాకా తెరుచుకునే లెన్సు కచ్చితంగా కావాలి. 2 నుంచి 1.4కు వెళ్తే దక్కేది ఒక్క మెట్టు. ఆ మెట్టు 400 బదులు 800 రీలు వేసుకున్నా వస్తుంది.

ప్రభ అన్నాక ఇంకో లెక్క. 80 అడుగుల ప్రభ మొత్తం నిలువు ఫ్రేములో పట్టాలంటే 50 ఎం.ఎం.తో దాదాపు 110 అడుగులు వెనక్కి వెళ్లాలి. 58 హీలియోస్‌తో అయితే 130. తిరనాళ్లలో అంత వెనక్కి వెళ్తే మధ్యలో ఎన్ని తలలు, ఎన్ని సెల్‌ఫోన్లు అడ్డం వస్తాయో చెప్పక్కర్లేదు. వైడు లెన్సు కావాలనిపిస్తుంది. కానీ దాంతో కింద నుంచి తీసిన ప్రభ పైకి వెళ్లేకొద్దీ కుంచించుకుపోయి, వెనక్కి వాలినట్టు పడుతుంది. యాభైతో దూరం నుంచి తీస్తే నిటారుగా, ఠీవిగా నిలబడుతుంది. అందుకు ముందే వచ్చి మేడ మీద చోటు చూసుకోవాలి, కష్టమే. నాగార్జునకొండలో సుబ్రహ్మణ్యం బృందం తీసిన ఫొటోల్లో ఆ నిటారుతనమే కనిపిస్తుంది. దానికి కారణం లెన్సు ఎంత, నిలబడ్డ చోటు ఎంత అన్నది లోయలోకి దిగినవాళ్లకే తెలియాలి.

మనుషుల దగ్గరికి వెళ్లినప్పుడు యాభై అసలు సంగతి బయటపడుతుంది. అయిదు అడుగుల దూరంలో, మిరపకాయలు ఏరే ఆమె మొహం మీద ఎఫ్/1.8తో ఫోకసు చేశారనుకోండి. పది సెంటీమీటర్ల లోతు మాత్రమే స్పష్టంగా ఉంటుంది. కన్ను ఉంటుంది, చెవి దగ్గరికి వచ్చేసరికి మెత్తబడుతుంది. ఆమె కాస్త ముందుకు వంగిందా, కన్నూ పోయినట్టే. ఎఫ్/8 పెడితే ఆ లోతు అడుగున్నర దాకా అవుతుంది. మొహం, చేతులు, ఒళ్లోని మిరపకాయలు అన్నీ పడతాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదటి రెండు మూడు రీళ్లూ ఎఫ్/1.8లో కాల్చేసి, అన్నీ మసకగా వచ్చాయని లెన్సును తిడతారు. లెన్సు తప్పు కాదది. అయిదు అడుగులంటే, అడిగి, పేరు చెప్పి, "అమ్మా, ఒక్క ఫొటో తీసుకుంటా" అని మాట కలపాల్సిన దూరం. పొడుగు లెన్సుతో దొంగచాటుగా తీసేవాళ్లకు ఈ బాధ ఉండదు. వాళ్ల ఫొటోల్లో ఆ చాటుతనం కూడా పడుతుంది.

పాత లెన్సు కొనేటప్పుడు అంకెలకంటే చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. సెల్‌ఫోన్ టార్చి వెలిగించి, లెన్సు ఒక వైపు నుంచి వెయ్యండి, ఇంకో వైపు నుంచి కాస్త వాలుగా చూడండి. దుమ్ము కనిపిస్తే పట్టించుకోవద్దు, పాత గాజులో దుమ్ము లేకుండా ఉండదు. సాలెగూడు పోగుల్లా తెల్లటి దారాలు కనిపిస్తే అది ఫంగస్. వానాకాలమంతా బీరువాలో తోలు కవరులో పడున్న లెన్సులకు పట్టేది అదే. అంచున కొద్దిగా ఉంటే ధర తగ్గించి కొనొచ్చు, మధ్యలో ఉంటే వదిలెయ్యండి. తర్వాత ఎపర్చరు రేకులు. ఎండకు లోపలి గ్రీజు కరిగి రేకుల మీదికి జారుతుంది, అవి జిడ్డుగా మెరుస్తాయి. ఆటోమేటిక్ లెన్సయితే మీట వదలగానే రేకులు చటుక్కున మూసుకోవాలి. బద్ధకంగా కదిలితే ఎండలో తీసిన ప్రతి ఫొటో తెల్లబడిపోతుంది. ఫోకసు రింగు బిగుసుకుని ఉంటే తిప్పీ తిప్పీ సడలుతుందనుకోవద్దు, సడలదు. ముందు గాజు మీద ఒక గీత ఉంటే మాత్రం బేరం ఆడుకోడానికి మంచి సాకు, బొమ్మకు దాదాపు నష్టమేమీ ఉండదు.

ఇక ఏది కొనాలి అంటే, నేను లెన్సును విడిగా వెతకొద్దంటాను. బాడీ, లెన్సు కలిపి దొరికేది చూడండి. పెంటాక్స్ కె1000 దొరికితే, దానితో వచ్చిన 50 ఎఫ్/2 ఉంచేసుకోండి. 1976 నుంచి 1997 దాకా చేసిన బాడీ అది, బ్యాటరీ మీటరుకే గాని షట్టరుకు అక్కర్లేదు. యాషికా ఎఫ్‌ఎక్స్-3తో వచ్చే 50 ఎఫ్/2 లేదా 1.9 కూడా అంతే బాగుంటుంది. తోలు ఊడిపోయి ఉంటుంది, బొమ్మకు దానితో పని లేదు. కెనాన్ ఏఈ-1 అందంగా ఉంటుంది, కానీ బ్యాటరీ అయిపోతే షట్టరే పడదు, ఊళ్లో ఆ బ్యాటరీ అడిగితే షాపతను మొహం చూస్తాడు. జెనిత్ చౌకే, అయితే షట్టరు 30 కంటే కిందికి దిగదు, మీటరు బతికుంటే అదృష్టం. తాతగారి బీరువాలోంచి యాషికా ఎంఎఫ్-2 బయటికి వస్తే సంతోషంగా వాడుకోండి. దాంట్లోని 38 ఎం.ఎం. లెన్సు ఫోకసు అడగదు, లెన్సు మార్చే ప్రసక్తే లేదు.

ఇంకో దారి ఉంది, దీన్ని ఎవరూ చెప్పరు. మన పెళ్లి ఫొటోగ్రాఫర్ల దగ్గర కెనాన్ ఇఎఫ్ 50 ఎఫ్/1.8, నికాన్ 50 ఎఫ్/1.8డి విరివిగా ఉన్నాయి. 1987 నుంచి వచ్చిన కెనాన్ ఇఓఎస్ రీలు బాడీలకు ఆ ఇఎఫ్ లెన్సే సరిపోతుంది. నికాన్ 1.8డికి ఎపర్చరు రింగు ఉంది గనక ఎఫ్ఎం2 లాంటి చేతి కెమెరాల మీదా కూర్చుంటుంది. డిజిటల్ వచ్చాక రీలు ఇఓఎస్ బాడీలను ఎవరూ ముద్దు చేయలేదు, అందుకే ఆ ప్లాస్టిక్ బాడీ లెన్సు కంటే తక్కువకే దొరుకుతుంది. స్టూడియో అన్నను ఆదివారం లెన్సు అరువడిగితే మొదటి రీలు ఖర్చు రీలుదే. అన్నకూ పాతకాలం గుర్తొచ్చి, కెమెరాలో రీలు ఎక్కించడం, పంటి మీద చిల్లులు కూర్చోబెట్టడం తనే చూపిస్తాడు.

ఖర్చు అసలు లెన్సుది కాదు. రీలు ధర, కడిగించడం, స్కానింగు, పైగా గుంటూరులోనో హైదరాబాదులోనో ల్యాబుకు కొరియరు. నెలకో రీలు తీస్తే ఏడాదిలో ఇదంతా చౌక యాభై ధరను దాటేస్తుంది. 1.4కూ 1.8కీ ఉన్న ధర తేడాను రీళ్ల కింద పెట్టుకోండి. అందులోంచి ముందుగా ఒక లెన్స్ హుడ్ కొనండి, రబ్బరుదైనా సరే. పిడుగురాళ్ల సున్నం తెలుపులో, అనుపు గట్టు మీద నీళ్ల మెరుపుకు ఎదురుగా, పక్కనుంచి వచ్చి గాజు మీద పడే వెలుతురును అది ఆపుతుంది. దాని సైజు లెన్సు ముందు అంచు మీద సున్నాకు అడ్డగీత గుర్తు పక్కన రాసి ఉంటుంది. 49, 52, 55, ఏది ఉంటే అదే అడిగి తెచ్చుకోండి.